సర్వరమ్మ పచ్చ టిక్కు

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె సర్వరమ్మ. ఆ పేరు పెట్టింది కౌంటరు పిల్ల. మొదట చాటుగా అనేది, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టింది, చివరికి ఒకరోజు పెద్ద డాక్టరమ్మ కూడా "సర్వరమ్మ గారిని ఒకసారి రమ్మనండి" అనేసింది. ఇక ఆ పేరుకు తిరుగు లేకుండా పోయింది.

ఆమె అక్కడ చేరింది టైపిస్టుగా. రిపోర్టులు టైపు చేసేది. కంప్యూటర్లు వచ్చి, వాటన్నిటి మీదా పెత్తనం చేసే పెద్ద పెట్టె ఒకటి వచ్చి, దానికోసం ఒక ఏసీ గది కట్టించాక, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న పుట్టింది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది ఆమే కాబట్టి తాళం ఆమెకిచ్చారు. తాళం వెనకాలే గది, గది వెనకాలే పెట్టె, పెట్టె వెనకాలే దాని తలనొప్పులు వచ్చి చేరాయి. లోకంలో చాలామంది నిపుణులు ఇలాగే తయారవుతారు. పాపం, ఆమె మాత్రం నిజాయితీగా పుస్తకాలు తెచ్చుకుని చదివింది, సాయంత్రాలు కోర్సుకు వెళ్ళింది, పరీక్ష కూడా పాసయింది. అంత చదివాక ఆమెకు స్పష్టంగా తెలిసిన సంగతి ఒక్కటే, పెట్టె తన మాట వింటున్నట్టు నటిస్తుందని.

ల్యాబులో పని ఇలా జరుగుతుంది. వచ్చిన మనిషి పేరు కౌంటరు పిల్ల కొడుతుంది. ఏసీ గదిలోని సర్వరు ఆ పేరుకు ఒక నంబరిస్తుంది. స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడుతుంది. టిక్కు పడగానే ఆ నంబరుతో ఒక రసీదూ, ఒక చిన్న స్టిక్కరూ బయటికొస్తాయి. స్టిక్కరు రక్తం తీసిన గొట్టానికి అంటిస్తారు. అక్కణ్ణించి ఆ రక్తం ఎవరిదో లోపలున్న ఏ యంత్రానికీ తెలియదు. ఎక్కడ చూసినా నంబరే. మనిషికీ రక్తానికీ మధ్య ఉన్న చుట్టరికమంతా సర్వరు డిస్కు మీదే ఉంటుంది.

ఆ పచ్చ టిక్కే ఆలస్యంగా పడేది.

పొద్దున పూట మరీనూ. పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్ళంతా ఒక్కసారే వచ్చి మీదపడేవాళ్ళు. కౌంటరు పిల్ల పేరు కొట్టి, చేతులు ముడుచుకుని, స్క్రీన్ వైపు చూస్తూ కూర్చునేది. క్యూ హాలు దాటి మెట్ల మీదికి పాకేది. ఒకరోజు ఆ మెట్ల మీదే ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. కడుపులో ఏమీ లేదు, ఎండ నెత్తి మీద ఉంది. పడటం పడటం మెట్టు అంచుకు నుదురు తగిలి చీరుకుపోయింది. రక్తపరీక్షకని వచ్చిన మనిషికి మెట్ల మీదే రక్తం కారింది. కుట్లు వేయించి, ఆటోలో ఇంటికి పంపారు.

పెద్ద డాక్టరమ్మ సర్వరమ్మను గదికి పిలిపించింది.

"ఒక పేరు రాసుకోడానికి ఇంతసేపేంటండీ? పెన్నుతో రాస్తే ఈపాటికి పదిమందివి రాసేద్దుం."

"పేరు డిస్కు మీద నిజంగా పడిందని ఖాయం చేసుకున్నాకే టిక్కు ఇస్తుంది మేడమ్. అందుకని..."

"అందుకని మనుషులు పడిపోవాలా?"

సర్వరమ్మ తల వంచుకుని ఏసీ గదికి తిరిగొచ్చింది.

ఇంటికొచ్చి బావతో చెప్పుకుంది. బావంటే ఆమె అక్క మొగుడు, కింది వాటాలోనే ఉంటాడు. కంప్యూటర్లు అమర్చే పని అతనిది. ల్యాబులో ఆ సర్వరు పెట్టించిందీ అతనే. మరదల్ని ఆటపట్టించే అవకాశం ఉంటే అన్నం మానేసైనా వస్తాడు.

"నీ సర్వరు అచ్చం మీ అమ్మ లాంటిది మరదలా," అన్నాడు. "తాళం వేస్తుంది, లాగి చూస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్ళీ వెనక్కొచ్చి లాగుతుంది. ఈలోగా బస్సు వెళ్ళిపోతుంది."

అమ్మ పక్క గదిలోంచి, "నా తాళం సంగతి నీకెందుకోయ్ అల్లుడూ!" అంది. కానీ అది నిజమే. ఆవిడ తాళం లాగి చూడకుండా గడప దాటిన రోజు లేదు. ఆవిడ వల్ల ఆ ఇంట్లోవాళ్ళు అందుకోలేకపోయిన బస్సులు కోకొల్లలు. ఆ ఇంట్లో దొంగతనమూ ఎప్పుడూ జరగలేదు. తాళం లాగడం వల్ల జరగలేదా, దొంగలకు పనికొచ్చేదేదీ లేకపోవడం వల్ల జరగలేదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

"మరి ఏం చెయ్యమంటావ్ బావా?"

"లాగి చూడ్డం మానిపించెయ్. పేరు రాగానే తన జ్ఞాపకంలో పెట్టుకుని 'రాసేశా' అంటుంది. తీరిక దొరికినప్పుడు డిస్కు మీద పెడుతుంది. ఎంత, కాసిని క్షణాలు తేడా."

"ఆ కాసిని క్షణాల్లో కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉందిగా! ఏం కాదు."

ఏం కాదు అనేది బావకు ఊతపదం. పైకప్పు కారుతోందంటే ఏం కాదన్నాడు, తన పెద్దకొడుక్కి జ్వరమంటే ఏం కాదన్నాడు. చిత్రం ఏమిటంటే చాలాసార్లు నిజంగానే ఏమీ కాలేదు. అలాంటి మనిషితో వాదించడం కష్టం.

ఆ రోజు అమ్మ కూడా పొద్దున "ఆలస్యం అమృతం విషం" అంది, సాయంత్రం "నిదానమే ప్రధానం" అంది. రెండూ గట్టిగానే అంది. సర్వరమ్మ రెండిటికీ తలూపింది.

మర్నాడు రెండు చోట్ల మార్చింది. డేటాబేసులో ఒకటి, దాని కింద ఫైళ్ళను డిస్కు మీద సర్దే వ్యవస్థలో ఒకటి. రెండు చోట్లా చెప్పిందొకటే మాట: ఆగకు. మార్చేటప్పుడు ఆమె వేలు మీట మీద కొంచెంసేపు ఆగింది. నుదుటికి కుట్లు పడ్డ పెద్దావిడ గుర్తొచ్చి నొక్కేసింది.

ఇక చూడాలి ఆ వేగం! కౌంటరు పిల్ల చివరి అక్షరం కొట్టి చెయ్యి తీసేలోపు టిక్కు పడుతోంది. క్యూ మెట్ల మీంచి హాల్లోకి, హాల్లోంచి కుర్చీల్లోకి కుదించుకుపోయింది. పెద్ద డాక్టరమ్మ వరండాలో ఎదురుపడి నవ్వింది. ఆవిడ నవ్వడం ల్యాబులో పెద్ద వార్తే. సర్వరమ్మకు గర్వమేసింది. గర్వంతో పాటు, చెప్పులో ఇసుక రేణువులా, ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఇక్కడ కౌంటరు ఫ్యాను సంగతి చెప్పుకోవాలి. కరెంటు పోయినా పనిచేసే ప్లగ్గు ల్యాబు మొత్తంలో ఒక్క ఏసీ గదిలోనే ఉంది, సర్వరు బ్యాటరీది. ఆ సంగతి కౌంటరు పిల్ల ఎప్పుడో కనిపెట్టింది. ఎండాకాలం ఉక్క భరించలేక, తలుపు కింద నుంచి ఒక పొడవాటి వైరు లాగి తన ఫ్యాను దానికి తగిలించింది. సర్వరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది, పిల్ల చెమటతో తడిసిపోతోందని. ఫ్యాను వైరు చూసి రక్తం తీసే నర్సు నీళ్ళు కాచే కెటిలు తగిలించింది. వాళ్ళను చూసి ఇంకెవరో ఫోను తగిలించారు. మంచితనానికి పోతే మెడకు చుట్టుకుందంటారే, అలా.

ఒక పొద్దున, క్యూ నిండుగా ఉన్నప్పుడు, కరెంటు పోయింది. ఫ్యానూ కెటిలూ అన్నీ బ్యాటరీ మీద పడ్డాయి. అది ఒక్కసారి కుయ్యిమని చేతులెత్తేసింది. దాంతోపాటు సర్వరూ చీకటైపోయింది.

కరెంటు త్వరగానే వచ్చింది. సర్వరు తనంతట తనే లేచింది. ఫైళ్ళ వ్యవస్థ తనను తాను పరీక్షించుకుని, అంతా సవ్యంగానే ఉందని తెర మీద రాసింది. సర్వరమ్మ ఆ మాట చదివి హమ్మయ్య అనుకుంది. వైరు పీకి, కౌంటరు పిల్ల మీద ఇంతెత్తున లేచి, గదికి తాళం వేసింది. బయట అందరూ "ఎంత త్వరగా లేచిందండీ మీ సర్వరు!" అన్నారు.

ఆ 'సవ్యం' అన్న మాటను ఆమె సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఆ వ్యవస్థ చూసుకునేది బీరువా అరలు విరిగాయా, తలుపులు ఊడాయా అన్నంతవరకే. అరలో పెట్టాల్సిన కాగితం దారిలోనే జారిపోయిందా అన్నది దానికి తెలియదు. బీరువా బాగానే ఉంది. కాగితం పోయింది. కోర్సులో ఇది చెప్పారు, ఆమె పరీక్షలో రాసింది కూడా. రాసిన జవాబు బతుకులో ఎదురైనప్పుడు గుర్తుపట్టడం వేరే చదువు.

మర్నాడు కౌంటరు దగ్గర గోల వినిపించి బయటికొచ్చింది. పక్క వీధిలోని పెద్ద భవనంలో లిఫ్టు నడిపే ఆయన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, జేబుకు ఒక పెన్ను, ముఖం కొంచెం ఉబ్బినట్టుంది.

"మీరు నిన్న రాలేదండీ," అంటోంది కౌంటరు పిల్ల.

"రాలేదా?" అన్నాడు లిఫ్టాయన. అతనికి కోపం కంటే ఎక్కువగా అనుమానమే వచ్చినట్టుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతలో ఇంకా అంటుకునే ఉన్న దూది చూపించాడు. "రాకపోతే ఇదెక్కడిదమ్మా?"

"పేరు లేదండీ మరి."

"రసీదు ఉందిగా!"

కౌంటరు పిల్ల రసీదు మీది నంబరు కొట్టింది. స్క్రీన్ చూసింది. అతణ్ణి చూసింది. మళ్ళీ స్క్రీన్ చూసింది.

"ఈ నంబరు మీద ఒకావిడ పేరుంది. పూలకొట్టావిడ. రిపోర్టు నిన్న సాయంత్రమే తీసుకుపోయింది."

"ఆవిడ నా వెనకాల నిలబడిందమ్మా! కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న విసనకర్రతో నాక్కూడా విసిరింది."

సర్వరమ్మకు జరిగిందేమిటో అర్థమైంది. లిఫ్టాయన పేరు కొట్టారు, టిక్కు పడింది, రసీదూ స్టిక్కరూ వచ్చాయి. పేరు మాత్రం ఇంకా సర్వరు జ్ఞాపకంలోనే ఉంది. అంతలో కరెంటు పోయింది. లేచిన సర్వరుకు అతనెవరో తెలియదు, అతనికి నంబరిచ్చిన సంగతీ తెలియదు. వెనకాల ఉన్నావిడకు, ఏ పాపమూ ఎరగనట్టు, అదే నంబరిచ్చింది.

ఒకే నంబరుతో రెండు గొట్టాలు లోపలికి వెళ్ళాయి. మొదట చేతికొచ్చినదాన్ని యంత్రం పరీక్షించి, ఫలితాన్ని ఆ నంబరు మీద, అంటే పూలకొట్టావిడ పేరు మీద రాసింది. రెండోది వస్తే 'ఇది అయిపోయింది' అని పక్కన పడేసింది. సర్వరమ్మ ఫ్రిజ్జు తలుపు తీసి, నిన్నటి గొట్టాలన్నీ పేర్లతో సరిచూసుకుంటూ కూర్చుంది. లేని మనుషుల్ని ఎలా వెతకాలో ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. గొట్టాలున్నాయి కాబట్టి సరిపోయింది. జంట నంబరు అదొక్కటే. పరీక్షించింది ఏది, పక్కన పెట్టింది ఏది అంటే తెలుస్తోంది. అందులో ఎవరిది ఏది అంటే మాత్రం ట్రే పట్టుకొచ్చిన నర్సు కూడా చెప్పలేకపోయింది.

రిపోర్టు తెరిచి చూసింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని ఉంది.

పూలకొట్టావిడకు ఫోను చేస్తే ఎత్తింది ఆవిడ చెల్లెలు. అక్క నిన్నటి నుంచి కొట్టు తెరవలేదనీ, ముద్ద ముట్టలేదనీ, పిల్లల్ని ఎవరి దగ్గర పెట్టాలో చెబుతూ ఏడుస్తోందనీ చెప్పింది. "అమ్మా, ఆ రిపోర్టు మీ అక్కది కాకపోవచ్చు," అంది సర్వరమ్మ. "కాకపోవచ్చంటే? కాదా?" అందావిడ. "తెలీదమ్మా. ఒక్కసారి తీసుకురండి, మళ్ళీ చూస్తాం." అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. నాలుగు తిట్లు తిట్టి పెట్టేసినా బాగుండేదనిపించింది ఆమెకు.

పెద్ద డాక్టరమ్మ ఎలా జరిగిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. వేగం కోసం తనే మార్చాననీ, ఫ్యాను వైరు చూసి కూడా ఊరుకున్నాననీ చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "త్వరగా కావాలని అడిగింది నేనే కదా," అంది.

బావకు ఫోను చేసింది.

"ఇలా జరగడం చాలా అరుదు మరదలా," అన్నాడు.

"ఆ అరుదైనాయన మా కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు బావా."

జీవితంలో మొదటిసారి బావ ఏం కాదు అనలేదు.

ఇద్దరి దగ్గరా మళ్ళీ రక్తం తీశారు. ఈసారి సర్వరమ్మ పక్కనే నిలబడి, గొట్టాల మీద పేర్లు పెన్నుతో రాయించింది. పూలకొట్టావిడకు ఏమీ లేదు. ఆవిడ రిపోర్టు చేతిలో పట్టుకుని నవ్విందీ ఏడ్చిందీ, పక్కనున్న లిఫ్టాయన్ను చూసి రెండూ ఆపేసింది. జబ్బు ఎవరిదో అప్పటికి అందరికీ అర్థమైపోయింది.

లిఫ్టాయన రిపోర్టును తిప్పి తిప్పి చూశాడు.

"అంటే అమ్మా, నిన్న మీ మిషన్లో నేను లేను. నా జబ్బు మాత్రం ఉంది."

"అవునండీ," అంది సర్వరమ్మ. "నా వల్లే. క్షమించండి."

"ఆవిడ దగ్గర ఒక రాత్రి ఉండి వచ్చిందన్నమాట," అన్నాడు పూలకొట్టావిడను చూపిస్తూ. నవ్వబోయాడు గానీ సగంలోనే ఆగిపోయాడు. నిన్నే తెలిసుంటే ఏమయ్యేది, ఒక రోజు తేడాకు ఏమవుతుంది అని డాక్టరమ్మను అడిగాడు. ఒక రోజుకు ఏమీ కాదందావిడ. "అసలు నేను రసీదు పారేసుకునుంటే?" అన్నాడు. ఆవిడ మందుల చీటీ ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

సర్వరమ్మ ఏసీ గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని కూర్చుంది. తను మార్చిన రెండూ మళ్ళీ పాత చోటికి తిప్పెయ్యాలి. అది పసిపిల్లలకైనా తెలుసు. మీట మీద వేలు పెట్టింది. పెట్టగానే మెట్ల మీద పడ్డ పెద్దావిడ గుర్తొచ్చింది. పచ్చ టిక్కు ఆగితే క్యూ ఆగుతుంది, క్యూ ఆగితే ఆకలితో ఉన్న మనుషులు నిలబడతారు. ఆగకపోతే నిలబడ్డ మనిషే మాయమైపోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్పెవరో పామెవరో కూడా ఆమెకు తెలియలేదు. ఇద్దరూ పాపం, పరగడుపున వచ్చిన మనుషులే.

చాలాసేపు ఆలోచించి, ఆలోచించిన కొద్దీ చిక్కుపడి, చివరికి ఇలా చేసింది. పేరు, నంబరు, ఫలితం, ఈ మూడూ డిస్కు మీద పడేదాకా టిక్కు రాకూడదు. హాల్లో గోడ మీద మెరిసే నంబర్ల బోర్డు, ఎవరెంతసేపు కూర్చున్నారన్న లెక్కలు, అలాంటివాటిని మాత్రం పోతే పోనీ, ఆగకుండా పరుగెత్తమంది. కొత్త డిస్కు అడిగింది. తెప్పిస్తామన్నారు, ఇంకా తెప్పిస్తూనే ఉన్నారు. బ్యాటరీ ప్లగ్గుకు ఒక పెట్టె బిగించి దానికీ తాళం వేసింది. ముసలివాళ్ళ కోసం కౌంటరు ముందు బెంచీ వేయించింది. దాని మీద ఎప్పుడు చూసినా కుర్రకారే కూర్చుని ఉంటారు. క్యూ మునుపటి అంత పొడవు లేదు, మధ్యలో ఉన్నంత పొట్టిగానూ లేదు. ఇది సరైనదేనా అని ఎవరైనా అడిగితే సర్వరమ్మ "ఏమో" అంటుంది. ఇంటి దగ్గర తాళం వేసి, తనూ ఒకసారి లాగి చూసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తోంది.

లిఫ్టాయన ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు. మందులతో ముఖం వాపు కొంత తగ్గింది. వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. మొన్న కూడా కౌంటరు పిల్ల పేరు కొట్టింది, కాసేపు ఆగింది, టిక్కు పడింది.

"అయిపోయిందండీ, వెళ్ళి కూర్చోండి."

అతను కదల్లేదు. "ఉన్నానా అమ్మా?"

"ఉన్నారండీ. ఇదిగో, కనిపిస్తున్నారు చూడండి." స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"ఆ రోజూ కనిపించానుగా," అన్నాడు మెల్లగా.

కౌంటరు పిల్ల ఏసీ గది వైపు చూసింది. సర్వరమ్మ అప్పటికే గడపలో నిలబడి ఉంది. లిఫ్టాయన వెనకాల క్యూలో ఆమెకు తెలిసిన ముఖం ఒకటి కనిపించింది. నుదుటి మీద కుట్ల మచ్చ. ఆ పెద్దావిడే. ఒక చేత్తో గోడ పట్టుకుని ఉంది.

"నాయనా, కాస్త జరుగు," అంటోంది ఆవిడ లిఫ్టాయనతో. "పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. నిలబడలేకపోతున్నాను."

"క్షమించు పెద్దమ్మా, ఒక్క నిమిషం," అన్నాడతను. జరగలేదు.

సర్వరమ్మ లోపలికి పరుగెత్తింది. డిస్కు దగ్గర చూసింది. చూసి, నమ్మకం చాలక ఇంకోసారి చూసింది. బయటికొచ్చి, "ఉన్నారండీ. రాసి ఉన్నారు. వెళ్ళండి," అంది.

లిఫ్టాయన తలూపి పక్కకు జరిగాడు. పెద్దావిడ ఒక్కడుగు ముందుకేసి తూలింది. సర్వరమ్మ గబుక్కున వెళ్ళి ఆవిడ చంకలో చెయ్యి వేసి పట్టుకుంది.

"ఏంటమ్మా, లోపల అంతసేపు ఏం చేస్తున్నావు?" అని అడిగింది పెద్దావిడ.

కౌంటరు పిల్ల ఆవిడ పేరు కొట్టి, చెయ్యి తీసి, స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంది. సర్వరమ్మ కూడా స్క్రీన్ వైపే చూసింది. పచ్చ టిక్కు ఇంకా పడలేదు. పెద్దావిడ బరువంతా ఆమె చేతి మీదే ఉంది.